పిల్లలు బుక్ చేసిన ఓడ

సత్తెనపల్లిలో సాయంత్రం పూట నలుగురు పెద్దవాళ్ళు కూర్చుంటే మాటలు ఎక్కడ మొదలైనా చివరికి పిల్లల దగ్గరికే చేరతాయి. పత్తి ఎంత పలికింది, గుంటూరు యార్డులో తేజా రకం మిర్చికి ఏం రేటు పడింది అనేవి అయిపోగానే డల్లాస్, ఆస్టిన్, సియాటిల్ వచ్చేస్తాయి. కొన్నేళ్ళుగా ఆ మాటల్లోకి ఓడ కూడా వచ్చి చేరింది. కూతురి పురిటికో, మనవడి పుట్టినరోజుకో ఆరు నెలలు ఉండి రావడానికి వెళ్ళినవాళ్ళని పిల్లలు క్రూజ్ ఎక్కిస్తున్నారు. సముద్రమంటే సూర్యలంక దాకా వెళ్ళి, నాలుగు మునకలేసి, పొద్దుగూకేలోగా ఇంటికొచ్చే మనవాళ్ళు ఇప్పుడు మెక్సికో ఒడ్డున టోపీ పెట్టుకుని దిగిన ఫోటోలు వాట్సాప్‌లో పంపుతున్నారు. చూస్తే కడుపు నిండుతుంది. ముప్ఫై, నలభయ్యేళ్ళు పొలమూ బడీ తప్ప ఇంకో లోకం ఎరగని మనిషి పద్నాలుగో అంతస్తు డెక్ మీద నిలబడి నవ్వుతుంటే అంతకన్నా ఏం కావాలి?

ఓడ ఎంత పెద్దది, అందులో ఈత కొలనులు ఎన్ని, రాత్రి ఆటపాటలు ఎలా ఉంటాయి అన్నవి ఫోటోల్లో మీరు చూసే ఉంటారు. నేను చెప్పాలనుకున్నది టికెట్టు సంగతి. ఈ ప్రయాణంలో ఓడ ఎక్కేది పెద్దవాళ్ళు, డబ్బు కట్టేది పిల్లలు. షరతుల కాగితం మాత్రం ఇద్దరూ చదవరు. అక్కడే వస్తుంది చిక్కంతా.

మా పక్కింట్లో రిటైరైన మాస్టారు ఉన్నారు. కొడుకు డల్లాస్‌లో ఉంటాడు. అక్కడినుంచి అయిదు గంటలు కారులో వెళ్తే గాల్వెస్టన్ అనే రేవు. టెక్సాస్ తెలుగువాళ్ళకి ఓడంటే గాల్వెస్టనే. శుక్రవారం ఆఫీసు అయ్యాక బయల్దేరినా మర్నాటి ఓడకి అందుకోవచ్చు. నాలుగు రాత్రులో, అయిదు రాత్రులో తిరిగి, మెక్సికోలోని కోజుమెల్ చూపించి మళ్ళీ అదే రేవులో దింపుతుంది. మాస్టారు దంపతులు అలా వెళ్ళొచ్చారు. వచ్చిన కొన్నాళ్ళకి ఫోను పట్టుకుని మా ఇంటికొచ్చారు.

"ఇందులో నాకు గోల్డ్ మెంబరు అని రాశారు. మావాడు దీనికేమన్నా విడిగా కట్టాడంటారా?"

వెనకే వాళ్ళావిడ కూడా వచ్చింది. "నేనూ ఆయనతోనే ఎక్కా, ఆయనతోనే దిగా. మరి నాకు రాలేదేం అన్నయ్యగారూ?"

విడిగా ఏమీ కట్టలేదు. ఆమెకి రాకపోవడానికి కారణం కూడా చిన్నదే. కొడుకు ఇద్దరి పేర్లకీ ఒకే ఈమెయిల్ ఇచ్చాడు. సభ్యత్వం మనిషికొకటి, నంబరు మనిషికొకటి. ఆమె నంబరు కూడా కంపెనీ దగ్గర ఉంటుంది, అడిగితే ఇస్తారు. ఆ మాట చెప్పగానే ఆమె మొహం వికసించింది. రావాల్సింది కూపన్లు, చిన్న చిన్న తగ్గింపులే, అంతకుమించి ఏమీ లేదు. అయినా తన పేరున ఒక కాగితం రావడం ఆమెకి ముఖ్యం. అందులో తప్పేముంది?

ఈ గోల్డ్ అంటే ఏమిటో కాస్త వివరంగా చెబుతాను. రాయల్ కరీబియన్ కంపెనీ క్రౌన్ అండ్ యాంకర్ సొసైటీ పేరుతో ఒక సంఘం నడుపుతుంది. ఓడలో ఒక రాత్రి గడిపితే ఒక పాయింటు. పెద్ద సూట్ తీసుకుంటే రాత్రికి రెండు. గదిలో ఒక్కళ్ళే ఉండి రెండో మనిషి డబ్బు కూడా కట్టినా రెండు. 3 పాయింట్లకి గోల్డ్, 30కి ప్లాటినం, 55కి ఎమరాల్డ్, 80కి డైమండ్, 175కి డైమండ్ ప్లస్, 700కి పినాకిల్. మాస్టారివి నాలుగు రాత్రులు కాబట్టి ఒక్క ప్రయాణంతోనే గోల్డ్ అయిపోయారు. అసలు మర్యాదలు మొదలయ్యేది డైమండ్ దగ్గర. విడిగా కూర్చునే లాంజ్, రోజుకి నాలుగు డ్రింకుల వోచర్లు లాంటివి అప్పుడొస్తాయి. మరి మాస్టారు రెండేళ్ళకోసారి వెళ్ళి, వెళ్ళినప్పుడల్లా నాలుగు రాత్రులు ఓడలో గడిపితే 80 పాయింట్లకి నలభయ్యేళ్ళు పడుతుంది. అందుకే మన పెద్దవాళ్ళ విషయంలో పాయింట్ల కోసం ఒకే కంపెనీని పట్టుకుని వేలాడటం దండగ అని నా గట్టి అభిప్రాయం. ఆ వారం ఎవరి ఓడ చవగ్గా, సౌకర్యంగా దొరికితే దాన్నే ఎక్కడం మేలు.

కొడుకూ కోడలూ ఏటా వెళ్ళేవాళ్ళయితే లెక్క మారుతుంది. కానీ అక్కడ ఇంకో పొరపాటు జరుగుతోంది. కొడుకు డైమండ్ కదా, మనకీ ఆ మర్యాదలన్నీ జరుగుతాయని పెద్దవాళ్ళు అనుకుంటారు. ఒకే ఇంట్లో ఉండే భార్యాభర్తలు హోదా పంచుకోవచ్చు. పద్దెనిమిదేళ్ళలోపు పిల్లలకి తల్లిదండ్రుల హోదా వస్తుంది. సత్తెనపల్లిలో ఉండే అమ్మానాన్నలకి మాత్రం డల్లాస్ కొడుకు హోదా రాదు. డబ్బు కొడుకే కట్టినా సరే, పెద్దవాళ్ళ రాత్రుల పాయింట్లు కొడుకు ఖాతాలో పడవు. లాంజ్ తలుపు దగ్గర కొడుకుని లోపలికి పంపి, తల్లిని ఆపితే ఇద్దరి మనసూ చివుక్కుమంటుంది. ముందే తెలిస్తే ఆ తలుపు దాకా వెళ్ళరు.

అన్ని కంపెనీల పద్ధతీ ఒకటి కాదు. కార్నివాల్‌లో చాలాకాలం ఓడలో గడిపిన రోజులనే లెక్కబెట్టేవాళ్ళు. ఖర్చు పెట్టిన డబ్బును బట్టి లెక్కవేసే కొత్త పద్ధతికి మారతామని 2025లో ప్రకటించారు. పాత ప్రయాణికులు చాలామంది నొచ్చుకున్నారు. నాకూ ఆ మార్పు నచ్చలేదు. ఇరవయ్యేళ్ళు నమ్మి వచ్చినవాడి కన్నా ఒక్కసారి వచ్చి ఎక్కువ ఖర్చు పెట్టినవాడు ముందు వరసలోకి పోవడం న్యాయంగా అనిపించదు. ఇంకోవైపు రాయల్ కరీబియన్ వాళ్ళు తమ సొంత కంపెనీలైన సెలబ్రిటీ, సిల్వర్‌సీలలో కూడా ఒకచోటి హోదా ఇంకోచోట చెల్లేలా 2024లో కలిపారు. ఇది మంచి పని.

ఇక ధరల దగ్గరికొద్దాం. ఓడ ఒకటే, గది ఒకటే అయినా చాలా కంపెనీలు కొనేవాళ్ళు ఏ దేశంలో ఉంటారన్నదాన్ని బట్టి రేటూ షరతులూ వేరుగా పెడతాయి. ఏ దేశపు ఏజెంటు ఎవరికి అమ్మవచ్చో కూడా గిరి గీసి ఉంటుంది. అమెరికాలో ముందుగా కట్టే డిపాజిట్ వెనక్కి ఇచ్చే రకం, ఇవ్వని రకం రెండూ అమ్ముతారు. వెనక్కి ఇచ్చేది నాలుగు డాలర్లు ఎక్కువ ఉంటుంది. పెద్దవాళ్ళ వీసా ఇంకా చేతికి రాలేదంటే ఆ నాలుగు డాలర్లకి వెనకాడొద్దు. బాకీ మొత్తం ఓడ బయల్దేరే రోజుకి రెండున్నర, మూడు నెలల ముందే కట్టేయాలి. ఆ గడువు దాటాక మానేస్తే పోయే డబ్బు వారం వారం పెరుగుతుంది. ఇంగ్లండులో ఉన్న తెలుగువాళ్ళు బుక్ చేస్తే మామూలుగా డిపాజిట్ తిరిగి రాదు. కానీ విమానం, ఓడ కలిపి ప్యాకేజీగా కొంటే, కంపెనీ మూతబడినా డబ్బు పోకుండా 2018 నాటి ప్యాకేజీ ప్రయాణాల నిబంధనలు కాపాడతాయి. ఆస్ట్రేలియాలో చాలా ఓడల టికెట్టు ధరలోనే టిప్పులు కలిసి ఉంటాయి. అమెరికాలో అవి విడి. మనిషికి రోజుకి సుమారు 16 నుంచి 20 డాలర్ల దాకా, పసిపిల్లల్ని మినహాయిస్తే గదిలో ఉన్న ప్రతి తలకీ లెక్కే. అయిదు రాత్రులకి ఇద్దరు పెద్దవాళ్ళ మీదే దగ్గర దగ్గర రెండు వందల డాలర్లు పడుతుంది. ఇది పిల్లలు అమ్మానాన్నలకి చెప్పరు. చివరి రోజు బిల్లు చూసి మన పెద్దాయన "నేనేమీ తాగలేదే" అని కంగారు పడతాడు.

కాలిఫోర్నియా రాష్ట్రం ఈ విషయంలో చేసిన మేలు చెప్పుకోవాలి. తప్పనిసరిగా కట్టాల్సిన రుసుములు దాచిపెట్టి చిన్న ధర చూపించడానికి వీల్లేదని చట్టం తెచ్చింది. అది 2024 జులై 1 నుంచి అమల్లోకి వచ్చింది. ఒక్క రాష్ట్రానికి ఒక రకంగా చూపించడం కుదరక పెద్ద ఓడ కంపెనీలు అమెరికా అంతటా రుసుములూ పన్నులూ కలిపే ధర చూపిస్తున్నాయి. టిప్పులు మాత్రం ఆ ధరలో ఉండవు.

ఇక్కడినుంచే, మన ఊళ్ళో ఏజెంటు దగ్గర సింగపూర్ ఓడ ప్యాకేజీ కొనుక్కునేవాళ్ళకి ఇంకో లెక్క ఉంది. విదేశీ ప్యాకేజీ మీద టీసీఎస్ అని కొంత పన్ను ముందే పట్టుకుంటారు. 2023 అక్టోబరు నుంచి 7 లక్షల దాకా 5 శాతం, ఆపైన 20 శాతం ఉండేది. 2025 ఏప్రిల్‌లో ఆ 7 లక్షల్ని 10 లక్షలు చేశారు. బడ్జెట్టు వచ్చినప్పుడల్లా ఇది మారుతుంటుంది కాబట్టి కొనే రోజు రేటు అడిగి తెలుసుకోండి. అది పోయే డబ్బు కాదు. పాన్ నంబరు సరిగ్గా ఇచ్చి, రిటర్ను వేస్తే లెక్కలో కలుస్తుంది, ఎక్కువైతే వాపసు వస్తుంది. వ్యవసాయం తప్ప వేరే ఆదాయం లేదని మన రైతులు చాలామంది రిటర్ను వేయరు. అలాంటివాళ్ళు ఆ ఒక్క ఏడాదైనా వేయించుకోవాలి. సింగపూర్‌లో ఎక్కి మలేషియా, థాయిలాండ్ చుట్టి మళ్ళీ సింగపూర్‌లోనే దిగే ఓడకి సింగపూర్ వీసా ఒకటి కన్నా ఎక్కువసార్లు ప్రవేశించడానికి పనికొచ్చేదై ఉండాలి. ఆ సంగతి వీసా మీదే రాసి ఉంటుంది.

ఇప్పుడు చెప్పబోయేది అన్నిటికన్నా ముఖ్యం. సియాటిల్‌లో మా బంధువుల ఇంట్లో జరిగింది. కొడుకు గ్రీన్‌కార్డు మనిషి, మనవలు అక్కడే పుట్టారు. అమ్మానాన్నలు ఆరు నెలలకి వచ్చారు. అందరికీ కలిపి అలాస్కా ఓడ బుక్ చేశారు. మంచుకొండలు చూడాలని తల్లికి ఎప్పటినుంచో కోరిక. ఎర్ర స్వెట్టరు కొనుక్కుంది. రేవులో పెట్టెలకి చీటీలు కట్టి లోపలికి పంపేశారు. కౌంటరు దగ్గర ఉన్న అమ్మాయి పెద్దవాళ్ళ పాస్‌పోర్టులు తిప్పి తిప్పి చూసి, "కెనడా వీసా ఏది?" అని అడిగింది. అలాస్కా అమెరికాదే కదా అన్నాడు కొడుకు. మనవలు తాత చెయ్యి వదల్లేదు. చివరికి కోడలు పిల్లల్ని తీసుకుని ఓడెక్కింది. కొడుకు అమ్మానాన్నలతో వెనక్కి తిరిగాడు. ఆ ముగ్గురి డబ్బూ పోయింది. ఆ స్వెట్టరు ఇప్పుడు సత్తెనపల్లి బీరువాలో ఉంది. మన ఎండలకి దాన్ని వేసుకునే రోజు ఎక్కడొస్తుంది?

ఎందుకిలా అంటే, అమెరికాలో 1886 నాటి చట్టం ఒకటి ఇప్పటికీ నడుస్తోంది. వేరే దేశపు జెండా కట్టుకున్న ఓడ ప్రయాణికుల్ని అమెరికా రేవుల మధ్యే తిప్పడానికి వీల్లేదు, దారిలో పరాయి దేశపు రేవు తగలాలి. పెద్ద క్రూజ్ ఓడలు దాదాపు అన్నీ బహామాస్, పనామా లాంటి దేశాల్లో నమోదైనవే. అందుకని సియాటిల్ నుంచి బయల్దేరే అలాస్కా ఓడలు వచ్చేటప్పుడు ఒక సాయంత్రం కెనడాలోని విక్టోరియాలో ఆగుతాయి. ఆ చట్టం ఎంత గట్టిదంటే, కరోనా కాలంలో కెనడా తన రేవులు మూసేస్తే అలాస్కా ఓడల్ని నడపడానికి 2021లో అమెరికా కాంగ్రెసు విడిగా ఇంకో చట్టం చేయాల్సొచ్చింది. ఓడ దిగం, గదిలోనే కూర్చుంటాం అన్నా భారతీయ పాస్‌పోర్టు ఉన్నవాళ్ళకి కెనడా వీసా ఉండాల్సిందే. గ్రీన్‌కార్డు ఉన్న కొడుక్కి అక్కర్లేదు, అమెరికా పౌరులైన మనవలకి అక్కర్లేదు. బుకింగ్ ఒక్కటే, నియమం మాత్రం ఎవరి పాస్‌పోర్టును బట్టి వాళ్ళకి. వేలిముద్రలతో కలిపి కెనడా వీసాకి వారాలు పడుతుంది, ఒక్కోసారి నెలలు. అలాస్కా అనుకున్న రోజే దానికీ దరఖాస్తు పెట్టాలి. గాల్వెస్టన్ నుంచి మెక్సికో వెళ్ళే ఓడలకి ఈ బాధ లేదు, చెల్లుబాటులో ఉన్న అమెరికా వీసా ఉంటే మెక్సికో ఒప్పుకుంటుంది. అయితే అమెరికా వీసా ఎన్నిసార్లయినా ప్రవేశించే రకమై ఉండాలి. మెక్సికో వెళ్ళొచ్చాం కదా, ఆరు నెలల గడువు మళ్ళీ కొత్తగా మొదలవుతుందని కూడా అనుకోవద్దు.

కూతురి పురిటికి వెళ్ళేవాళ్ళు ఇంకొకటి గుర్తుపెట్టుకోవాలి. ఓడ దిగే రోజుకి గర్భం 24వ వారంలో పడుతుంటే పెద్ద కంపెనీలేవీ ఎక్కించుకోవు. డాక్టరు చీటీ కూడా చూపించమంటారు. పుట్టాక బిడ్డకి ఆరు నెలలు నిండాలి. మహాసముద్రం దాటే దూర ప్రయాణాలకైతే ఏడాది నిండాలి. అంటే పురిటికి ఆరు నెలలు ఉండటానికి వెళ్ళిన అమ్మమ్మకి తల్లీబిడ్డలతో కలిసి ఓడెక్కే అవకాశం దాదాపు లేదన్నమాట. ఆ ముచ్చట తర్వాతి ప్రయాణానికి దాచుకోవాలి.

పేర్ల సంగతి మన తెలుగువాళ్ళ ప్రత్యేకమైన బాధ. ఇంటిపేరు ముందు రాసుకుంటాం, పొడి అక్షరాలుగా రాసుకుంటాం, పాత పాస్‌పోర్టుల్లో అసలు ఇంటిపేరు గడి ఖాళీగా వదిలేసినవాళ్ళూ ఉన్నారు. బుకింగులో పేరు పాస్‌పోర్టులో ఉన్నది ఉన్నట్టు పడాలి. పాయింట్లు కూడా ఆ పేరు మీదే ఎక్కుతాయి. ఒకసారి ఒక రకంగా, ఇంకోసారి ఇంకో రకంగా రాస్తే ఒకే మనిషికి రెండు నంబర్లు తయారవుతాయి.

తిండి విషయం పెద్దగా బెంగపడక్కర్లేదు. ఇంట్లో వండినవి ఓడలోకి రానివ్వరు. రైస్ కుక్కరు, నీళ్ళు కాచే కెటిల్ లాంటివి నిప్పు భయంతో రేవులోనే తీసేసుకుంటారు. సీలు వేసిన పొట్లాలు కొద్దిగా అయితే ఫర్వాలేదు, కాబట్టి కారప్పొడి కొన్నది పట్టుకెళ్ళండి, దంచింది వద్దు. పెద్ద భోజనశాలలో మొదటి రోజే చెబితే మర్నాటినుంచి అన్నం, పప్పు, కూర చేసిపెడతారు. అక్కడి వంటవాళ్ళలో, వడ్డించేవాళ్ళలో మన దేశంవాళ్ళు బోలెడుమంది. మాస్టారి భార్యకి మూడోరోజు పెరుగన్నం అడక్కుండానే వచ్చిందట.

అమెరికా దాకా వెళ్ళే వీలు లేనివాళ్ళకి విశాఖ ఉంది. 2022 జూన్ 8న కోర్డీలియా కంపెనీ వారి ఎంప్రెస్ ఓడ విశాఖ నుంచి మొదటిసారి బయల్దేరి పుదుచ్చేరి, చెన్నై వైపు వెళ్ళింది. మరుసటి ఏడాది సెప్టెంబరులో సుమారు 96 కోట్లతో కట్టిన క్రూజ్ టెర్మినల్ కూడా మొదలైంది. ఆ ఎంప్రెస్ కొత్తదేం కాదు. ఫ్రాన్స్‌లో తయారై 1990లో సముద్రంలోకి దిగిన రాయల్ కరీబియన్ ఓడ. మన దేశం లోపలే తిరిగే ప్రయాణానికి పాస్‌పోర్టు అక్కర్లేదు, ప్రభుత్వం ఇచ్చిన ఫోటో గుర్తింపు కార్డు చాలు. శ్రీలంక వెళ్తే మాత్రం పాస్‌పోర్టు ఉండాలి. ఇది ఏడాది పొడవునా విశాఖ రాదు, ఆ సీజన్‌లో తేదీలు ప్రకటించాకే రైలు టికెట్టు కొనుక్కోండి.

ఓడ షరతులు తలుచుకున్నప్పుడల్లా నాకు మోటుపల్లి గుర్తొస్తుంది. చినగంజాం దగ్గర, మొన్నటిదాకా ప్రకాశం జిల్లాలో, ఇప్పుడు బాపట్ల జిల్లాలో ఉన్న రేవు ఊరు. మార్కో పోలో రాతల్లోకి ఎక్కిన రేవు అది. అంతకు కొన్ని దశాబ్దాల ముందే, 1244-45లో కాకతీయ గణపతిదేవుడు అక్కడ ఒక శాసనం వేయించాడు. తుఫానుకి చెదిరి ఒడ్డుకు కొట్టుకొచ్చిన ఓడల్లోని సరుకంతా వెనకటి రాజులు లాగేసుకునేవారు. ఇకమీదట అలా చెయ్యం, ప్రాణాలకి తెగించి సముద్రం మీద వచ్చేవాళ్ళ దగ్గర నిర్ణయించిన సుంకం మాత్రమే తీసుకుంటాం అని మాట ఇచ్చి, ఆ సుంకం ముప్ఫైలో ఒక వంతు అని రాతి మీద చెక్కించాడు. ఎంత కట్టాలో, ఏది పోదో, వచ్చినవాడు వచ్చినచోటే తెలుసుకునేలా నిలబెట్టాడు. ఆ రాయి ఇప్పటికీ ఉంది. ఓడలో వచ్చేవాడికి షరతు దాచకూడదన్న మాట మన తీరంలో అంత పాతది. ఇవాళ కంపెనీలు అవే షరతుల్ని నలభై పేజీల సన్నక్షరాల్లో పెట్టి, కింద టిక్కు కొట్టమంటున్నాయి. వీసా లేకపోతే ఎక్కనివ్వరు, డబ్బు తిరిగి రాదు అనే రెండు వాక్యాలు ధర పక్కనే పెద్దక్షరాల్లో ఉండాలి. దేశం ఏదైనా ఇది చట్టంగా రావాలని నా కోరిక.

అది వచ్చేదాకా ఆ పని మనమే చేసుకోవాలి. డల్లాస్‌లో, సియాటిల్‌లో, లండన్‌లో ఉన్న పిల్లలూ, డబ్బు కట్టే బటన్ నొక్కేముందు ఇంటికి ఒక ఫోను చెయ్యండి. ఓడ ఏ ఏ దేశాల్లో ఆగుతుందో, మానేస్తే ఎంత పోతుందో, టిప్పులు ఎంతో అమ్మానాన్నలకి తెలుగులో చదివి వినిపించండి. వాళ్ళ పాస్‌పోర్టు మొదటి పేజీ, వీసా పేజీ ఫోటో తీయించి ముందు పెట్టుకుని పేర్లు నింపండి. వాళ్ళిద్దరికీ చెరో ఈమెయిల్ తెరవండి. పెద్దవాళ్ళూ, పిల్లలు ఖర్చు పెడుతున్నారు కదా అని మొహమాటపడకుండా అడగండి. మొదట అడగాల్సిన ప్రశ్న ఒక్కటే: "ఇది ఎక్కడెక్కడ ఆగుతుందిరా, అక్కడికి మా ఇద్దరికీ వీసా ఉందా?"